పెద్ద ఫైలు, చిన్న కిటికీ

టెక్స్ట్ ఫైలులో లైన్లు ఉండవు. తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు కనిపించేవి డిస్కు మీద అలా లేవు. అక్కడ ఉన్నది మొదటి నుంచి చివరి దాకా తెగకుండా సాగే ఒకే ఒక బైట్ల వరస. లైను ముగిసిందని చెప్పడానికి మధ్యమధ్య 10 అనే విలువగల ఒక బైటు వస్తుంది, అంతే. ఏ లైను ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. కోటో నంబరు లైను చూపించమంటే ఏ ప్రోగ్రామైనా మొదటి బైటు దగ్గర మొదలుపెట్టి ఆ 10లను లెక్కపెట్టుకుంటూ రావలసిందే.

చిన్న ఫైళ్లతో పని చేసినంత కాలం ఈ సంగతి మనకు తెలియనే తెలియదు. వెయ్యి లైన్లు లెక్కపెట్టడం కంప్యూటర్‌కు రెప్పపాటు పని. కానీ ఒక పెద్ద సర్వర్ రోజంతా రాసుకున్న లాగ్ ఫైలు 20 గిగాబైట్లు ఉండవచ్చు. మనిషి జన్యుపటాన్ని అక్షరాలుగా దింపితే సుమారు 310 కోట్ల అక్షరాలు, అంటే 3 గిగాబైట్ల పైమాటే. అలాంటి ఫైలు మీద మౌస్‌తో రెండుసార్లు నొక్కి మామూలు ఎడిటర్‌లో తెరిస్తే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. తెర బిగుసుకుపోతుంది, ఫ్యాను రొద పెరుగుతుంది, కాసేపటికి మెమరీ చాలక ప్రోగ్రామే మూతపడుతుంది. అదే ఫైలును టెర్మినల్‌లో లెస్ అనే చిన్న ప్రోగ్రాముకు ఇస్తే ఎంటర్ మీట మీద నుంచి వేలు తీసేలోపు మొదటి పేజీ కళ్ల ముందుంటుంది. కంప్యూటర్ అదే, డిస్కు అదే, ఫైలూ అదే. తేడా అల్లా ఏ ప్రోగ్రాము ఎన్ని బైట్ల జోలికి పోయిందన్న దాంట్లోనే ఉంది.

లెక్క వేసి చూడండి. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్లు చదువుతుంది. 20 గిగాబైట్లు చదవాలంటే రెండు నిమిషాలు పడుతుంది. సెకనుకు 500 మెగాబైట్లిచ్చే ఎస్ఎస్‌డీ అయినా 40 సెకన్లు. ఫైలు మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించుకున్నాక గాని మొదటి పేజీ చూపించని ఎడిటర్ ఎంత గొప్పగా రాసినదైనా ఈ లెక్కను దాటలేదు. దాటాలంటే చదవడమే మానుకోవాలి.

1983–84లో మార్క్ నూడెల్‌మన్ లెస్‌ను రాసినప్పుడు యూనిక్స్‌లో మోర్ అనే ప్రోగ్రాము ఉండేది. అది ఫైలును పేజీ తర్వాత పేజీ ముందుకే తిప్పేది. వెనక్కి కూడా తిప్పగలిగేలా నూడెల్‌మన్ లెస్‌ను తయారుచేశాడు. తెరకు సరిపడా బైట్లను మాత్రమే అది తెచ్చుకుంటుంది. చివరి పేజీకి వెళ్లమంటే మధ్యలోవన్నీ వదిలేసి ఫైలు కొసకు దూకి, అక్కడి నుంచి వెనక్కి చదివి ఒక తెర నింపుతుంది. సగానికి వెళ్లమంటే బైట్ల లెక్కలో సగం దగ్గర దిగుతుంది. లైను నంబర్లు అడిగినప్పుడే చిక్కొస్తుంది. నంబర్లు లెక్కపెడుతున్నానని ఒక సందేశం చూపించి లెస్ కూడా ఆగిపోతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు అడ్డదారి లేదు. కంట్రోల్–సి నొక్కితే లెక్క మానేసి నంబర్లు లేకుండానే పేజీ చూపిస్తుంది. పెద్ద లాగ్‌లో ఒక తప్పు కోసం వెతికే మనిషికి చాలాసార్లు లైను నంబరుతో అవసరమే ఉండదు. ఆ లైనుకు పైన ఏం జరిగింది, కింద ఏం జరిగింది అన్నదే కావాలి.

ఈ పొదుపు లేమిలోంచి పుట్టింది. 1976 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ అనే ఎడిటర్ రాశాడు. ఇంట్లో అతను వాడింది ఏడీఎం–3ఏ టెర్మినల్, 300 బాడ్ మోడెమ్. ఆ మోడెమ్ మీదుగా సెకనుకు దాదాపు 30 అక్షరాలు వస్తాయి. 24 లైన్లు, లైనుకు 80 అక్షరాలు ఉన్న తెర నిండాలంటే 1,920 అక్షరాలు, అంటే నిమిషం పైన. ఒక పదం మార్చిన ప్రతిసారీ తెర మొత్తం తిరిగి గీస్తే ఆ ఎడిటర్‌ను ఎవరూ వాడలేరు. అందుకే ఏ ముక్క మారిందో అంతవరకే పంపడం, ఒక్క మీటతో ఒక పెద్ద పని చేయించడం వీఐ స్వభావమైపోయాయి. కర్సర్‌ను కదపడానికి ఇప్పటికీ వాడే హెచ్, జె, కె, ఎల్ మీటల మీద ఆ టెర్మినల్‌లో బాణం గుర్తులు అచ్చువేసి ఉండేవి. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేసి ఆ అలవాట్లన్నిటినీ మన తరానికి అందించాడు. ఖాళీగా విమ్ తెరిస్తే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమనే విన్నపం ఇప్పటికీ కనిపిస్తుంది. 2023లో ఆయన చనిపోయే దాకా ఆ పిల్లల చదువు కోసం పనిచేశాడు. ప్రతిఫలం అడగకుండా ఇచ్చిన ఇంతటి పనిముట్టు గురించి చెప్పేటప్పుడు ఆ మాట దాటిపోవడం నాకు ఇష్టం లేదు.

చూడటం ఒక ఎత్తు, దిద్దడం మరో ఎత్తు. బైట్ల వరసలో ఎక్కడా ఖాళీ ఉండదు. పెళ్లి భోజనాల్లో బంతి మధ్యలో ఇంకొకరికి ఆకు వెయ్యాలంటే అక్కడి నుంచి చివరి దాకా కూర్చున్నవాళ్లంతా ఒక ఆకు అవతలికి జరగాలి. 20 గిగాబైట్ల ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా అదే గతి, తర్వాతి బైట్లన్నీ జరగాలి. ఫైలు మధ్యలో చోటు కల్పించే సౌకర్యం లినక్స్‌లో కొన్ని ఫైల్ సిస్టమ్‌లకు లేకపోలేదు గాని, అది మొత్తం బ్లాకుల లెక్కనే కల్పిస్తుంది, సాధారణంగా 4,096 బైట్ల చొప్పున. ఒక అక్షరానికి అది పనికిరాదు.

ఎడిటర్ రాసేవాళ్లు దీనికి రెండు దారులు కనిపెట్టారు. మొదటిది, అతిథులు వచ్చే చోటే కొన్ని ఆకులు ఖాళీగా వదలడం. ఈమాక్స్ చేసేది ఇదే. కర్సర్ ఉన్నచోట మెమరీలో కొంత జాగా ఖాళీగా ఉంచుతుంది, కొట్టిన అక్షరాలు అందులోకి వెళ్తాయి, ఎవరూ జరగనక్కర్లేదు. కర్సర్ ఇంకో చోటికి వెళ్లి అక్కడ కొట్టడం మొదలుపెడితే ఖాళీ కూడా అక్కడికి వెళ్లాలి, మధ్యనున్న పాఠం ఇవతలికి రావాలి. మనం రాసేది ఎక్కువగా ఒకచోటే కాబట్టి ఈ పద్ధతి దశాబ్దాలుగా నిలిచింది. గిగాబైట్ల ఫైలులో మొదట ఒక మార్పు, చివర ఒక మార్పు, మళ్లీ మొదట ఒక మార్పు అంటే మాత్రం ప్రతిసారీ గిగాబైట్లు అటూ ఇటూ కదలాలి.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం. మూల పాఠాన్ని అసలు మార్చకూడదనేది దాని నియమం. దీన్ని ఆలోచించినవాడు జె స్ట్రాదర్ మూర్. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ 1974లో తెచ్చిన బ్రావో ఎడిటర్‌లో ఈ పద్ధతి వాడారు. ఆ ఎడిటర్ నడిచిన ఆల్టో కంప్యూటర్ మెమరీ 128 కిలోబైట్లు. ఒక వాక్యంతో చూద్దాం. ఫైలులో "రాముడు అడవికి వెళ్లాడు" అని ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్–8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఖాళీకి 1 బైటు. హల్లు ఒక సంకేతం, దాని మీది గుణింతపు గుర్తు మరొకటి. ఆ లెక్కన వాక్యం మొత్తం 62 బైట్లు. "రాముడు" తర్వాత "సీతతో" అని చేర్చాలి. ఎడిటర్ 62 బైట్లను ముట్టుకోదు. కొత్తగా కొట్టిన పదాన్ని, దాని వెనకున్న ఖాళీతో కలిపి 16 బైట్లను, చేర్పుల కోసం పెట్టుకున్న వేరే చోట చివరన రాసుకుంటుంది. ఒక చిన్న పట్టికలో మూడు పద్దులు వేస్తుంది: మూలంలో మొదటి నుంచి 19 బైట్లు, చేర్పుల్లో మొదటి నుంచి 16 బైట్లు, మళ్లీ మూలంలో 19 బైట్లు దాటాక 43 బైట్లు. తెర మీద వాక్యం కుదురుగా కనిపిస్తుంది. "సీతతో" వద్దనుకుంటే పట్టికలో ఒక పద్దు తీసేస్తే చాలు, మూలం ఎలాగూ చెక్కు చెదరలేదు. మూల ఫైలు 62 బైట్లయినా 62 గిగాబైట్లయినా ఈ మూడు పద్దుల పొడవు పెరగదు. మూలాన్ని మెమరీలోకి తేవలసిన పని కూడా లేదు. డిస్కు మీదున్న ఫైలునే మెమరీ అన్నట్టు చూపించమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే, కన్ను పడిన పేజీని మాత్రం అది తెచ్చిపెడుతుంది.

ఇంత పాత ఆలోచనను ఇప్పటి ఎడిటర్లు కూడా తిరిగి వెతుక్కున్నాయి. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కోడ్ మొదట్లో ఫైలును లైన్ల జాబితాగా దాచుకునేది, ప్రతి లైనుకూ మెమరీలో ఒక వస్తువు. ఒకరు తెచ్చిన 35 మెగాబైట్ల ఫైలు తెరుచుకోలేదు. 35 మెగాబైట్లంటే ఫోనులో తీసిన చిన్న వీడియో అంత, దానికి కంప్యూటర్ చేతులెత్తేయాల్సిన పని లేదు. కారణం వెతికితే ఆ ఫైలులో 1.37 కోట్ల లైన్లున్నాయని తేలింది. లైనుకు సగటున రెండున్నర బైట్లు, అందులో ఒకటి లైను ముగింపుదే. అంత చిన్న లైనును గుర్తుపెట్టుకోవడానికి ఎడిటర్ 40 నుంచి 60 బైట్లు ఖర్చు చేస్తోంది, మొత్తం కలిపి 600 మెగాబైట్ల దాకా. లేని లైన్లను ఉన్నట్టు కట్టుకున్నందుకు చెల్లించిన మూల్యం అది. 2018లో ఆ బృందం మూర్ పట్టికకు మారింది. పట్టికలోని పద్దులను ఒక చెట్టులా అమర్చి, ఏ కొమ్మ కింద ఎన్ని బైట్లు, ఎన్ని లైను ముగింపులు ఉన్నాయో కొమ్మ దగ్గరే రాసిపెట్టింది. ఇప్పుడు కోటో నంబరు లైను కావాలంటే కొమ్మల వెంట కొద్ది మెట్లు దిగితే చాలు.

విమ్ సంగతి కూడా చెప్పాలి. కమాండ్ లైన్ ఎడిటర్ అనగానే ఎంత పెద్ద ఫైలైనా క్షణంలో తెరుస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ విమ్ తెరిచేటప్పుడు ఫైలు మొత్తం చదువుతుంది. ఒకటి రెండు గిగాబైట్ల దాకా నెట్టుకొస్తుంది, ఆపైన ఓపిక పట్టాలి. అన్నిటికన్నా దాన్ని ఇబ్బంది పెట్టేది లైను పొడవు. కొన్ని వందల మెగాబైట్ల డేటా ఒకే లైనులో వచ్చిందంటే, పదాలకు రంగులు వేసే భాగం ఆ లైను పొడవునా పరుగెత్తి అలిసిపోతుంది. రంగులు ఆపేస్తే సగం భారం దిగుతుంది.

ఇక ఏ ఎడిటర్ ఎంత నేర్పుగా దిద్దినా, సేవ్ చేసేటప్పుడు సాధారణంగా ఫైలు మొత్తం తిరిగి రాయవలసిందే. అలాంటప్పుడు ఎడిటర్‌ను తెరవడం దేనికి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు 50 ఏళ్ల కిందటే బెల్ ల్యాబ్స్‌లో దొరికింది.

అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో పబ్లియస్ అనే మారుపేరుతో 85 వ్యాసాలు వచ్చాయి. హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు రాశారు. కొన్నిటి కర్త ఎవరన్నది చాలాకాలం వివాదంగా ఉండేది. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మహన్ ఆ వ్యాసాల్లో పదాల పోకడ చూసి కర్తను పట్టుకోవాలనుకున్నాడు. పాఠం మొత్తం ఒక మెగాబైటు పైచిలుకు. అక్కడి పీడీపీ–11 కంప్యూటర్‌లో ఎడ్ అనే ఎడిటర్‌కు అంత ఫైలు పట్టలేదు. ఎడ్‌ను రాసిన కెన్ థాంప్సన్ అందులోంచి వెతికే భాగాన్ని మాత్రం విడదీసి వేరే ప్రోగ్రాముగా ఇచ్చాడు. అదే గ్రెప్, 1973 నాటి యూనిక్స్ మాన్యువల్‌లో మొదటిసారి కనిపిస్తుంది. పాఠాన్ని దాచుకోకుండా, వస్తున్నదాన్ని వస్తున్నట్టే చూసి, వెతుకుతున్న పోలిక ఉంటే లైనును పైకి పంపి, లేకపోతే వదిలేయడం దాని పని. అదే తోవలో మెక్‌మహన్ సెడ్ రాశాడు. అది ఒక లైను తీసుకుంటుంది, చెప్పిన మార్పు చేస్తుంది, బయటికి పంపేస్తుంది, మర్చిపోతుంది. అందుకే ఒక మెగాబైటు కోసం పుట్టిన పనిముట్టు ఈనాడు 500 గిగాబైట్ల ఫైలు మీద కూడా అదే కొంచెం మెమరీతో నడుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫైలును అక్కడికక్కడే దిద్దమని సెడ్‌కు చెప్పినా అది లోపల కొత్త ఫైలు రాసి, పాతదాని పేరు కొత్తదానికి పెడుతుంది. కాబట్టి డిస్కులో అంత ఖాళీ ఉండాలి. సర్వర్ ఇంకా రాస్తూ ఉన్న లాగ్ మీద ఇలా చేస్తే, సర్వర్ పేరు పోయిన పాత ఫైలులోనే రాసుకుంటూ పోతుంది, కొత్త ఫైలులోకి ఒక్క లైనూ రాదు. నడుస్తున్న లాగ్ మీద ఈ పని చేయకండి.

గ్రెప్ వేగం వెనక ఇంకో విశేషం ఉంది, అందులోనూ మూర్ చేయి ఉంది. వెతకడమంటే ప్రతి అక్షరాన్నీ చూడటమే అనుకుంటాం. 1977లో రాబర్ట్ బోయర్, మూర్ కలిసి అది అక్కర్లేదని చూపించారు. 12 బైట్ల పదం కోసం వెతుకుతున్నారు. ముందు 12వ బైటును చూడండి. అక్కడున్నది మీ పదంలో ఎక్కడా లేని బైటైతే, మొదటి 11 బైట్లలో ఏముందో చూడనక్కర్లేదు, 12 బైట్లు ఒక్కసారే దాటేయవచ్చు. పదం ఎంత పొడవైతే అంగ అంత పెద్దది. 1988లో గ్నూ గ్రెప్ రాసిన మైక్ హేర్టెల్ ఇదే పట్టుకున్నాడు. ఆ గ్రెప్ ఫైలును లైన్లుగా కూడా విడదీయదు. పదం దొరికాకే వెనక్కీ ముందుకూ చూసి లైను కొసలు వెతుక్కుంటుంది.

తెలుగు పాఠంలో ఈ అంగలు ఎలా పడతాయో దగ్గరగా చూడాలి. "నీరు" అనే పదంలో సంకేతాలు నాలుగు. న 224 176 168, గుడిదీర్ఘం 224 177 128, ర 224 176 176, కొమ్ము 224 177 129, మొత్తం 12 బైట్లు. ప్రతి సంకేతానికీ మొదటి బైటు 224. రెండోది 176 గాని 177 గాని. తెలుగు అక్షరాలన్నిటికీ ఇంతే, అంటే అక్షరం ఏదో చెప్పే భారం ఎక్కువగా మూడో బైటు మీదే పడుతుంది. వెతికేటప్పుడు 12వ చోట క అక్షరపు మూడో బైటు 149 తగిలితే అది "నీరు"లో లేదు కాబట్టి 12 బైట్లు దాటవచ్చు. అదే చోట 224 తగిలితే రెండడుగులే, 177 తగిలితే ఒక్కటే. ఖాళీలు, పూర్ణవిరామాలు ఒక్కో బైటువే కావడంతో అడుగులు తరచు తప్పి, 224 దగ్గర కాలు పడుతూనే ఉంటుంది. 2016లో ఆండ్రూ గాలంట్ తెచ్చిన రిప్‌గ్రెప్ పదంలో అరుదుగా కనిపించే బైటు ఏదో ముందే వేసుకున్న పట్టికను బట్టి ఎంచుకుని, ప్రాసెసర్ చేత 16 లేదా 32 బైట్లను ఒకే దెబ్బకు పరీక్ష చేయిస్తుంది. ఆ ఎంపిక 224 మీద పడితే తెలుగు ఫైలులో దాదాపు ప్రతి మూడో బైటు దగ్గరా ఆగాలి, 168 మీద పడితే హాయిగా దూకవచ్చు.

యూటీఎఫ్–8ను 1992లో థాంప్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించారు. పెద్ద ఫైళ్ల విషయంలో తెలుగువాళ్లకు అది చేసిన మేలు చాలా పెద్దది. అక్షరం నడుమనున్న బైట్ల విలువ ఎప్పుడూ 128 నుంచి 191 లోపే, మొదటి బైటు ఎప్పుడూ ఆ పరిధి బయటే. 20 గిగాబైట్ల మధ్యలో కళ్లు మూసుకుని ఎక్కడ దిగినా, మహా అయితే రెండు బైట్లు వెనక్కి వేస్తే తెలుగు అక్షరం మొదలు దొరుకుతుంది. అంతకుముందు భారతీయ లిపుల కోసం ఉన్న 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో తెలుగుకూ కన్నడకూ బెంగాలీకీ అవే బైట్లు. ఏ లిపో చెప్పే గుర్తు ముందెక్కడో ఉండేది. మధ్యలో దిగినవాడికి అది కనపడదు. అయితే ఫైలును బైట్ల లెక్కన ముక్కలు చేసే స్ప్లిట్ లాంటి ప్రోగ్రాములకు ఈ జాగ్రత్త తెలియదు. ముక్కల పరిమాణం సాధారణంగా 1,024 గుణిజంగా ఇస్తాం, 1,024ను మూడు నిశ్శేషంగా భాగించదు, కాబట్టి కోత తరచు అక్షరం మధ్యలో పడుతుంది, ముక్క చివర ఒక ప్రశ్నార్థకపు పెట్టె మిగులుతుంది. లైన్ల కొసల దగ్గరే కోయమని చెప్పే ఎంపిక ఉంది, తెలుగు పాఠానికి అదే వాడాలి.

ఇంకా మోసం చేసేది కంటికి కనపడని సంకేతం. "హైదరాబాద్‌లో" అని రాసేటప్పుడు ద్ పక్కన ల వత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య సంకేతం వేస్తాం, దాని బైట్లు 226 128 140. కొన్ని కీబోర్డులు పొల్లు పడిన ప్రతిచోటా దాన్ని వేస్తాయి, పదం చివర కూడా. "రోడ్" అని రెండు ఫైళ్లలో ఒకేలా కనిపిస్తుంది, ఒకదాంట్లో 3 బైట్లు ఎక్కువ. ఐత్వమూ అంతే. ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గీత అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. గ్రెప్‌కు తెలిసింది బైట్లే కాబట్టి, లక్షసార్లు ఉన్న పదాన్ని 60 వేలసార్లే ఉందని నమ్మకంగా చెప్పగలదు. వేగంగా వచ్చిన తప్పు జవాబును ఎవరూ అనుమానించరు. నిఘంటువు కోసమో, ఓటర్ల జాబితా కోసమో, పాత పత్రికల సూచిక కోసమో తెలుగు పాఠాన్ని జల్లెడ పట్టేవాళ్లు ముందు ఈ రెండిటినీ సరిచేసుకోవాలి. దీనికోసం మూల ఫైలును మార్చనక్కర్లేదు. రెండు సంకేతాల ఐత్వాన్ని ఒకటి చేసే ప్రోగ్రామును, అదృశ్య సంకేతాన్ని తీసేసే సెడ్‌ను, ఆ వెనక గ్రెప్‌ను పైపుతో కలిపితే పాఠం ముక్కముక్కగా వాటి గుండా ప్రవహిస్తుంది, మెమరీలో ఏదీ పేరుకోదు. అలా తీసేశాక బైట్ల లెక్క మారుతుంది గాని లైను నంబరు మారదు. గ్రెప్ ఇచ్చిన నంబరును మూల ఫైలు మీద సెడ్‌కు ఇచ్చి, ఆ లైను చూపించి అక్కడే ఆగమని చెప్పాలి. ఆగమని చెప్పకపోతే దొరికిన తర్వాత కూడా అది ఫైలు చివరి దాకా చదువుతూనే పోతుంది.